పలక ముట్టని పిల్ల

ఒకటో తరగతిలో చేరే పిల్లల్లో ఏడ్చేవాళ్లను చూశాను. పలకతో పక్కపిల్ల నెత్తి మీద కొట్టేవాళ్లను చూశాను. బలపం తినేవాళ్లయితే ప్రతి ఏడూ ఉంటారు. ఈ పిల్ల అవేవీ చేయలేదు. నేను పలక ఇవ్వబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, పెద్దమనిషిలా నిదానంగా చెప్పింది.

"నేను ముట్ట టీచర్. మా బాపు వచ్చినంక ముట్టుకుంట."

"మీ బాపు ఏడికి పోయిండమ్మా?"

"దుబాయి."

"ఎప్పుడొస్తడు?"

"వస్తడు."

అంతే. ఆ తరువాత కూర్చోమన్న చోట కూర్చుని, బోర్డు వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. వాళ్ల బాపు ఉన్నది దుబాయి కాదని, మస్కట్ అని నాకు తరువాత తెలిసింది. మా ఆర్మూర్ పిల్లలకు సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే.

మాది మార్కెట్ యార్డు వెనక గల్లీలో ఉన్న సర్కారు ప్రాథమిక పాఠశాల. రెండు గదులు, ఒక వరండా. పసుపు ఉడికించే రోజుల్లో ఊరి చుట్టూ ఉన్న కళ్లాల నుంచి ఆ మట్టివాసన గదుల్లోకి వచ్చి పిల్లల జుట్టుకు, నోటుపుస్తకాలకు పట్టుకుంటుంది. నేను అక్కడ విద్యా వాలంటీరును. ఏడాదికోసారి ఉంచుతారో తీసేస్తారో తెలియని కొలువు. ఉంచిన ప్రతి ఏడూ సిద్ధులగుట్ట ఎక్కి దండం పెట్టుకుని వస్తాను. బడి మెట్టు తొక్కకుండా పెరిగినదానిని బడిలో నిలబెట్టాడు దేవుడు. ఇంతకంటే ఏం అడగను?

ఆ మధ్యాహ్నమే పిల్ల నాయనమ్మ వచ్చింది. పసుపు కొమ్ములు విరిచే కూలికి పోయే మనిషి. వేళ్ల సందుల్లో ఆ పచ్చదనం ఏడాది పొడుగునా ఉంటుంది. వరండాలో చెప్పులు విడిచి, నా చేతులు పట్టుకుంది.

"టీచరమ్మా, నీ కాళ్లు మొక్కుత. మా పిల్లతోని ఒక్క అచ్చరం గూడ రాయియ్యకు."

"బడికి తోలి రాయియ్యద్దంటే ఎట్ల పెద్దమ్మా?"

"జర కూసో, చెప్త."

కూర్చున్నాను. ఆమె కూడా గడప మీద కూర్చుని చెప్పింది. ఈ పిల్ల పుట్టిన కొత్తలో జ్వరం తలకెక్కి, నిజామాబాద్ దవాఖానలో ఆశ వదులుకోమన్నారట. అప్పుడు పిల్ల తండ్రి దవాఖాన మెట్ల మీదనే బాసర దిక్కుకు తిరిగి మొక్కుకున్నాడట. పిల్ల దక్కితే, బాసర గుళ్లో తానే తన తొడ మీద కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దిస్తానని, ఆ దినం దాకా పిల్లతో పలక ముట్టించనని.

"దక్కింది బిడ్డా. తెల్లారేసరికి కండ్లు తెరిసింది. గిదిగో, నీ కండ్ల ముంగటనే ఉన్నది గదా."

పిల్ల పాకే వయసులో ఉండగా అతను మస్కట్ పోయాడు. పోయేటప్పుడు రెండేళ్లు అన్నాడు. ఆ రెండేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. 'వచ్చే పండుగకు' అంటాడు ప్రతిసారీ.

"మేనమామ దిద్దిస్తే కాదా? లేకుంటే మీరే," అన్నాను.

నాయనమ్మ నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది.

"మొక్కినోడు ఒకడు, తీర్చేటోడు ఇంకొకడా? మొక్కు తప్పితే ఆడున్న నా కొడుక్కు ఏమన్న అయితే నువ్వు తెచ్చిస్తవా టీచరమ్మా?"

వేరే టీచరు ఎవరైనా అయితే నవ్వేసేవాళ్లేమో, కోప్పడేవాళ్లేమో. నేను ఆ రెండూ చేయలేను. నేనూ అట్లాంటి ఇంట్లో పుట్టినదాన్నే. మొక్కుకున్న తలనీలాలు ఒక నెల ఆలస్యమైతే అన్నం సహించని తల్లి కడుపున పుట్టాను. మొక్కు అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కరలేదు.

పెద్ద సారుతో చెప్పాను. ఆయన మంచివాడు, అలసిపోయినవాడు. అయిదు తరగతులకూ కలిపి ఆయనొక్కడే పక్కా టీచరు.

"ఫికర్ చెయ్యకమ్మా. బడికొస్తుంది, అన్నం తింటుంది, నలుగురిలో ఆడుకుంటుంది. అదే చాలు. తండ్రి వచ్చిన్నాడు రాసుకుంటుంది."

"రాకపోతే సార్?"

"ఇక్కడ ఫెయిల్ చేసేది లేదు కదా. అయిదు దాకా అదే ఎక్కుతుంది."

ఆయన ఊరట కోసం చెప్పిన మాటే నన్ను భయపెట్టింది. తరగతులు వాటంతట అవే పైకి ఎక్కించి, ఆరో తరగతికి హైస్కూలు గేటు ముందు దించేస్తాయి. అక్కడ ఆరు సబ్జెక్టులు, ఆరు పుస్తకాలు. చదవరాని ఆడపిల్ల అక్కడ కొద్దికాలం తల దించుకుని కూర్చుంటుంది, తరువాత రావడం మానేస్తుంది. మోర్తాడ్ దిక్కయినా, ఆలూర్ దిక్కయినా, మా గల్లీ అయినా, మానేసిన పిల్ల ఎక్కడ కనిపిస్తుందో నాకు తెలుసు. తల్లి పక్కన, ఒళ్లో చేట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ కనిపిస్తుంది. ఈ పిల్ల తల్లి బీడీలే చుడుతుంది. పిల్లకు అయిదో తరగతి దాకా సమయం ఉంది. ఆ లోపల తండ్రి రావాలి, లేదా మొక్కు సడలాలి. ఆ రోజు నుంచి నా పూజలో ఆ పిల్ల కూడా చేరింది.

నేను చదువుకున్న తీరు కొంచెం చెప్పాలి. నా ఎడమ కాలు పుట్టుకతోనే బలహీనం. బడి దూరం. అందుకని నన్ను మా అమ్మే ఇంట్లో కూర్చోబెట్టుకుని చదివించింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే పుస్తకం, అట్ట ఊడిన స్తోత్రాల పుస్తకం. అమ్మ దాన్ని వెంటనే తెరవలేదు. పొయ్యి ముందు కూర్చుని నా అరచెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకునేది. 'బ్' అనేది. గొంతు అదిరేది. 'ప్' అనేది. అదరదు. "చూసినవా, ఒకటి లోపలి నుంచి వచ్చింది, ఒకటి పెదవి మీదికెళ్లి ఎగిరిపోయింది," అనేది. అట్లా చాలా కాలం చేతులతో, చెవులతో చదివాక ఒకరోజు పుస్తకం తెరిచి, ఇదిగో నువ్వు విన్నది ఇట్ల ఉంటది, అని అక్షరం చూపించింది. నాకు అది కొత్త మనిషిని చూసినట్టు అనిపించలేదు. గొంతు వినీ వినీ ఉన్న మనిషి ఎదురుపడి ముఖం చూపినట్టు అనిపించింది. తరువాత ఓపెన్ స్కూలు, దూరవిద్య డిగ్రీ అన్నీ ఆ పొయ్యి ముందు నేర్చినదాని మీద కట్టుకున్నవే. అమ్మకు ఎన్ని దండాలు పెట్టినా తీరదు.

వాలంటీర్లకు నిజామాబాద్‌లో శిక్షణ ఇచ్చినప్పుడు 'ఫోనిక్స్' అని ఒక కొత్త పేరు చెప్పారు. అక్షరం పేరు కాదు, ముందు దాని శబ్దం నేర్పాలి. శబ్దాలను కలిపితే మాట, విడదీస్తే మళ్లీ శబ్దాలు. అందరూ రాసుకుంటున్నారు. నాకు మాత్రం మా పొయ్యి దగ్గరి అరచెయ్యి గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

మా పిల్లలకు అది అంత సులువు కాదు. తెలుగు నోటికి హల్లు ఒంటరిగా రాదు, వెనక ఒక 'అ' తోకలా వస్తుంది. ఇంగ్లిషులో 'బ్యాట్' విడదీయమంటే 'బ, యా, ట' అంటారు. కలిపి చెప్పమంటే 'బయట!' అని అరుస్తారు, క్లాసు మొత్తం లేచి బయటకు చూస్తుంది. ఆ తోక తెంచడానికే నెలలు పట్టేది. కాగితం ముక్క పెదవుల ముందు పట్టుకుని 'ప్' అంటే కాగితం ఎగరాలి, గొంతు మాత్రం కదలకూడదు. ఎగిరినప్పుడల్లా కేరింతలు.

ఆ ఆటలు ఆడిస్తుండగానే నాకు ఒక ఆలోచన వచ్చింది. మొక్కు పలక మీద ఉంది. చెవి మీద లేదు కదా. సాయంత్రం వాళ్లింటికి పోయాను. నాయనమ్మ నీళ్లిచ్చింది.

"పెద్దమ్మా, పిల్ల పలక ముట్టది, పుస్తకం చూడది. ఇంటే ఏమన్న తప్పా?"

"ఇనుడా?"

"అవును. ఉత్త చెవుల్తోని. నేను చప్పుడు చేస్త, తను ఇంటది. తను చప్పుడు చేస్తది, నేనింట."

ఆమె పకపకా నవ్వింది. "చెవులకేం అడ్డం టీచరమ్మా! ఇననీ. పొద్దుందాంక గీ గల్లీల లొల్లి ఇంటనే ఉంటది. నీది గూడ ఇంటది."

మరునాటి నుంచి మొదలుపెట్టాను. ఆ పిల్ల చెవి ఎట్లాంటిదో నాకు ఒక వారంలో తెలిసిపోయింది. 'మబ్బు'ను విడదీయమంటే మిగతావాళ్లు రెండు ముక్కలు చేసేవాళ్లు. ఈ పిల్ల కళ్లు మూసుకుని, "మ్, అ, బ్, బ్, ఉ," అని, రెండు 'బ్'ల దగ్గర కాస్త ఆగి, "గీడ పెదవి జరసేపు అతుక్కుంటది టీచర్," అంది. నేను శిక్షణలో విన్న పాఠాల్లో కూడా ఎవరూ అంత చక్కగా చెప్పలేదు. ఇంగ్లిషు మాటలకయితే తోక అసలు తగిలించదు. ఎందుకంటే ఆ పిల్ల కళ్ల ముందు అక్షరం లేదు. వినబడింది వినబడినట్టే చెప్పేది.

రెండో తరగతికి వచ్చాక ఆ పిల్లకు ఒక జత దొరికింది. మార్కెట్ గేటు దగ్గర చాయ్ హోటల్ వాళ్ల అమ్మాయి. నోటికి అడ్డూ ఆపూ లేదు. అక్షరాలన్నీ వచ్చు, గబగబా శబ్దాలు చెప్పేస్తుంది, కానీ కలపడం రాదు. 'హ్, ఎ, న్' అని చెప్పి బిక్కముఖం వేసేది. కిటికీ వైపు చూస్తూ కూర్చున్న మా పిల్ల తల తిప్పకుండానే, "హెన్. కోడి," అనేది.

"నీకెట్ల దెల్సె? నువ్వు సూడనే సూడలె!"

"నువ్వు చెప్పినవ్ గదనే."

"నేను చెప్తే నాకే తెల్వలె, నీకెట్ల దెల్సిందే దయ్యమా!"

అట్లా ఇద్దరూ ఒక పాఠకురాలయ్యారు. ఒకతె పుస్తకం మీద వేలు పెట్టి శబ్దాలు అందిస్తుంది, ఇంకొకతె గోడకు ఆనుకుని వాటిని మాటలు చేస్తుంది. ఒకరోజు ఒక పేజీ కథ మొత్తం అట్లా చదివేశారు. పెద్ద సారు గుమ్మంలో నిలబడి విని, "ఇదేం విచిత్రమమ్మా, ఒకరి కన్ను, ఒకరి చెవి," అన్నాడు. నాకు పట్టరాని సంతోషం కలిగింది. అమ్మ నాకు చేసినట్టే ఈ పిల్ల చెవి సిద్ధమైపోయింది. ఇక ముఖం చూపడమే మిగిలింది. అక్షరాలు చూపిన పదిహేను ఇరవై రోజుల్లో ఈ పిల్ల చదువుతుందని నాకు గట్టి నమ్మకం ఉండేది. తండ్రి ఒక్కడు వస్తే చాలు.

ఆ సంతోషం నాకు ఇచ్చినందుకు కూడా దేవుడికి కృతజ్ఞురాలినే. అది ఎక్కువ కాలం ఉండలేదు. చాయ్ హోటల్ వాళ్లు అమ్మాయిని పసుపురంగు బస్సు వచ్చే ప్రైవేటు బడికి మార్చారు. మూడో తరగతి మొదలయ్యేసరికి మా పిల్లకు శబ్దాలు అందించే కన్ను లేదు. పాఠాలు పెద్దవయ్యాయి. చెవితో పట్టుకునేంత చిన్నవి కావు. లెక్కలు కూడా మాటల్లోకి మారాయి. నేను ఒకటో తరగతి వదిలి ఆ పిల్ల పక్కన కూర్చోలేను. పసుపు రోజుల్లో సగం క్లాసు కళ్లాలకు పోయినప్పుడు మాత్రం కొంచెం తీరిక దొరికేది. అప్పుడు ఆ పిల్ల కూడా నాయనమ్మ వెంట పోయేది.

ఒకరోజు నాయనమ్మ కూలికి పోయిన వేళ చూసుకుని వాళ్లింటికి వెళ్లాను. పిల్ల తల్లి గోడ నీడన కూర్చుని బీడీలు చుడుతోంది. మాట తక్కువ మనిషి. చేతులు మాత్రం ఆగవు.

"ఒకసారి మీ ఆయనతోని మాట్లాడిపియ్యమ్మా. నేనడుగుత. మేనమామ దిద్దియ్యనీకి ఒప్పుకుంటే చాలు."

ఆమె ఆకు కత్తిరిస్తూనే అంది. "నేను పదోది పాసయిన టీచర్. ఫస్ట్ క్లాస్."

ఆ సంగతి ఆమె అంతవరకు నాకు ఎప్పుడూ చెప్పలేదు.

"రాయొస్తది, సదవొస్తది. ఏం ఫాయిదా అయింది? గీ ఆకు కోసినప్పుడు అచ్చరం గిట్ల అడుగుతదా?" తరువాత చేట పక్కన పెట్టి ఫోన్ తీసింది. "మాట్లాడుండ్రి. గని అత్తమ్మకు చెప్పకుండ్రి."

అతను తెర మీదకు వచ్చాడు. ఇనుప మంచాలు ఒకదాని మీద ఒకటి ఉన్న గది. సన్నగా ఉన్నాడు. నేను చెప్పేదంతా విన్నాడు. విని, మంచం దిగి, గది బయటకు వెళ్లి, గోడ చాటుకు నిలబడ్డాడు.

"మేడం, నేను రాలేను. ఎప్పుడొస్తనో గూడ తెల్వది. కంపిని ఇడిసిపెట్టి మస్తు రోజులైంది. పాస్‌పోర్టు వాళ్ల కాడనే ఉన్నది. ఖల్లివల్లి అయిన."

ఆ మాట మా వైపు అందరికీ తెలుసు. కాగితాలు లేకుండా, కంపెనీ వదిలి, దాక్కుని పనిచేసేవాళ్లను అట్లా అంటారు. బయటపడితే జైలు. బయటపడకపోతే ఇంటికి దారి లేదు.

"అవ్వకు ఎరుక లేదు మేడం. మొక్కు తీర్చనందుకే గిట్లయిందని కుమిలి సస్తది. గీమెకు ఒక్కదానికే చెప్పిన." తల్లి తల ఎత్తలేదు. అతను ముఖం తుడుచుకున్నాడు. "మొక్కింది నేను. ఆ తల్లి ఏమన్న చేస్తే నన్నే చేయనీ. మీరు సప్పుడు గాకుండ పిల్లకు రాయనేర్పుండ్రి. అవ్వకు తెల్వనీకుండ్రి. మీకు దండం పెడుత."

ఆ సాయంత్రం దీపం ముందు చాలాసేపు కూర్చున్నాను. మొక్కినవాడే వదిలేశాడు కాబట్టి దోషం లేదని నాకు నేను చెప్పుకున్నాను. అమ్మవారికి అతని కష్టం తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. మనసు కుదుటపడింది. మరునాడు బడి వదిలాక పిల్లను ఆపి, తలుపు దగ్గరికి వేసి, ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను.

"మీ బాపుతోని మాట్లాడిన. నిన్ను రాసుకొమ్మన్నడు. నాయినమ్మకు చెప్పద్దన్నడు."

పిల్ల నా ఒళ్లోంచి దిగింది. కోపం లేదు. భయపడినట్టు కూడా లేదు.

"వద్దు టీచర్."

"మీ బాపే చెప్పిండమ్మా. నీకు అన్ని చప్పుళ్లు వచ్చు. ఒక్కొక్క చప్పుడు ఎట్లుంటదో చూపిస్త, అంతే. గీ 'మ' ఒక్కటి సూడు."

"సూడ. నేను రాస్తే మా బాపు రాడు."

"గట్లని ఎవలు చెప్పిండ్రు?"

"ఎవ్వలు చెప్పలే. నాకే ఎరుక." నా చేతిలోని బలపం వైపు చూడకుండా, గోడ వైపు తిరిగి చెప్పింది. "నేను బోర్డు గూడ సూడ టీచర్. దుకాణాల పేర్లు గూడ సూడ. నెత్తి కిందికేస్కోని నడుస్త. అన్ని రోజులు సూడకుంటనే ఉన్న. ఇంగ ఇప్పుడు రాస్తే అన్ని రోజులు పోతయి గద."

అప్పుడు అర్థమైంది నాకు. అది నాయనమ్మ పెట్టిన నియమం అనుకుని ఇన్నాళ్లూ ఆమెతో వాదించాను. ఆ నియమం ఎప్పుడో పిల్ల సొంతమైపోయింది. తండ్రి కోసం తాను చేయగలిగిన పని ఈ లోకంలో అదొక్కటే. చూడకుండా ఉండటం. ఒక్కో రోజు చూడకుండా ఉండి, ఆ రోజులతో తండ్రిని ఇంటి వైపు లాగుతోంది. నేను బలపం పట్టుకుని ఆ తాడు తెంపమంటున్నాను.

మీ బాపు రాలేడు అని ఒక్క మాట చెబితే ఆ పిల్ల రాస్తుంది. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పటికీ రాదు.

తల్లి ద్వారా అతనికి కబురు చెప్పాను. తానే చెబుతానన్నాడు. ఆదివారం నన్ను కూడా రమ్మన్నారు. ఫోన్‌ను అన్నం గిన్నెకు ఆనించి నిలబెట్టారు. ముందు పిల్ల, వెనక నాయనమ్మ, గోడ దగ్గర తల్లి, తలుపు దగ్గర నేను.

"బిడ్డా, టీచరమ్మ చెప్పినట్టు ఇను. రాసుకో. నేనే చెప్తున్న గద," అన్నాడు అతను.

నాయనమ్మ ముందుకు వంగింది. "గదేంది కొడుకా? మరి మొక్కు?"

"తల్లి ఏమనదే అవ్వా. సదువు ఎనకవడుతున్నది పిల్లకు."

"పడితె పడనీ. నువ్వు గట్లనకు. నోరు కడుక్కో ఫస్ట్."

పిల్ల ఆ మాటలేవీ పట్టించుకోలేదు. తెరకు ముఖం ఆనించి అడిగింది.

"బాపూ, నువ్వొస్తున్నవా లేవా?"

నెట్ ఆగిందనుకుని నాయనమ్మ ఫోన్ కదిలించింది. నెట్ ఆగలేదు. అతని కళ్లు తల్లి మీద, బిడ్డ మీద తిరుగుతున్నాయి. నేను తలుపు దగ్గర నిలబడి, చెప్పెయ్యి నాయనా, ఇప్పుడే చెప్పెయ్యి, అని లోపల జపం చేసినట్టు అనుకుంటున్నాను. మరుక్షణమే, వద్దు, చెప్పకు, అనుకుంటున్నాను.

"వస్త బిడ్డా," అన్నాడు.

"కరారుగ?"

"కరారుగ, తప్పకుంట వస్త."

"అయితే నువ్వొచ్చినంకనే రాస్త. తొందరేమున్నది?" అని పిల్ల నవ్వింది. పక్కకు తిరిగి నాకు కూడా వినబడేలా, "నేను ఆగుత తియ్," అంది.

నాయనమ్మ మెటికలు విరిచి దిష్టి తీసింది. "సూసినవా టీచరమ్మా! నా మనుమరాలు గింతంత ఉన్నది, మాట మీద ఎట్ల నిలవడ్డదో. మొగోళ్లు తప్పుతరు గని గిది తప్పది." గోడ దగ్గర తల్లి మళ్లీ ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

ఆ తరువాత నేను గట్టిగా ప్రయత్నించలేదు. ఏమని ప్రయత్నిస్తాను? అతను అప్పుడప్పుడు నాకు వాయిస్ మెసేజ్ పెడతాడు. "ఏం చెయ్యాలె మేడం," అని అడుగుతాడు. ఆరోగ్యం చూసుకోమని జవాబిస్తాను. పిల్ల నాలుగో తరగతి దాటింది. ఇప్పుడు అయిదు. పరీక్ష రోజు పెద్ద సారు నోటితో అడిగి మార్కులు వేస్తాడు. వచ్చే వానాకాలం నుంచి హైస్కూల్లో అట్లా అడగడానికి ఆయన ఉండడు. హైస్కూల్లో తెలిసిన టీచరుతో మాట్లాడి చూశాను. ఆమె ఓపికగా విని, "తరగతికి అంతమంది ఉంటారు మేడం, నేనేం చేయగలను," అంది. తప్పు లేదు ఆమెది.

ఇదివరకటిలా శబ్దాల ఆట కూడా తగ్గింది. పెద్దపిల్ల అవుతోంది కదా, చిన్నపిల్లల ఆట అని సిగ్గు. చెవి పదును కూడా వాడకపోతే మొద్దుబారుతుందని నాకు ఇప్పుడు తెలిసింది. మొన్న 'చుక్క' విడదీయమంటే రెండు ముక్కలు చేసి ఊరుకుంది. సెలవురోజుల్లో తల్లి పక్కన కూర్చుని చుట్టిన బీడీలకు దారం కడుతోంది. చెయ్యి త్వరగా తిరిగిందని నాయనమ్మ మెచ్చుకుంటోంది.

నాకు దేవుడు ఇచ్చినవి ఒక్కొక్కటిగా తలచుకుంటే తక్కువేమీ కాదు. అమ్మనిచ్చాడు, పుస్తకం ఇచ్చాడు, ఈ బడి ఇచ్చాడు. ఆ పిల్లకు అంత చెవిని ఇచ్చి, అది విన్నదాని ముఖం చూడకుండా ఎందుకు ఆపాడో మాత్రం అడగను. నన్నే అడగమన్నా నాకు అడగడం చేతకాదు. నా దగ్గర ఉన్న భక్తి దండం పెట్టడానికి పనికొస్తుంది, దీనికి పనికిరాలేదు.

పోయిన వారం నాయనమ్మ బడికి వచ్చింది. కొడుకు ఈసారి ఖాయంగా వస్తున్నాడట, దసరా దాటగానే. కొంగు ముడి విప్పి, కళ్లం నుంచి తెచ్చిన కొత్త పసుపు కొమ్ములు నా చేతిలో పెట్టింది. నా నుదుట బొట్టు పెట్టింది.

"నువ్వు గూడ మా ఎంబడి బాసరకు రావాలె టీచరమ్మా. నీ చెవుల చదువే గద పిల్లకు ఇన్నేండ్లు. నువ్వు లేకుంట ఎట్ల? నువ్వు మా పక్కన కూసోవాలె."

వరండాలో ఆ పిల్ల నిలబడి ఉంది. నేను ఏమంటానో అని చూస్తోంది.

"వస్త పెద్దమ్మా," అన్నాను.

"కరారుగ?" అని పిల్ల అడిగింది.

"కరారుగ."